పిల్లాడికి లుకేమియా: చుట్టాలుగా మేం ఏ పనులు పంచుకోవాలి?

మేనమామ_ఖమ్మం
మా చెల్లెలి కొడుక్కి ఆరేళ్లు. ఏఎల్ఎల్ రకం లుకేమియా, అంటే రక్తం క్యాన్సర్ అని తేలింది. హైదరాబాద్‌లో చేర్చాం, ఇండక్షన్, అంటే మొదటి దశ కీమో మొదలుపెట్టారు. వైద్యం సంగతి డాక్టర్లు చూసుకుంటున్నారు, నా ప్రశ్న దాని గురించి కాదు. చెల్లెలు మంచం పక్కనుంచి లేవట్లేదు. బావ డబ్బుల కోసం తిరుగుతున్నాడు. పిల్లాడి అక్క, తొమ్మిదేళ్లది, ఊళ్లో నాయనమ్మ దగ్గర ఉంది. చుట్టాలు రోజూ గుంపుగా రావడం, పిల్లాణ్ణి చూసి ఏడవడం, "ఏమన్నా కావాలంటే మొహమాటపడొద్దు" అని వెళ్లిపోవడం. ఏం కావాలో మాకే అంతుపట్టట్లేదు. పైగా జబ్బు పేరు పిల్లాడికి చెప్పొద్దని పెద్దావిడ పట్టు. ఈ పనిలో ఉన్నవాళ్లు ఎవరైనా ఉంటే పూసగుచ్చినట్టు చెప్పండి.

పద్దుల_పుస్తకం
మొదట "ఏమన్నా కావాలంటే చెప్పండి" అన్న మాటని మీ కుటుంబ గ్రూపులో నిషేధించండి. ఏం కావాలో ఆలోచించి, ఎవర్ని అడగాలో ఎంచుకుని, మొహమాటం చంపుకుని అడగడం కూడా ఆ తల్లి నెత్తినే పడుతుంది. దాని బదులు పనికో మనిషిని పెట్టండి. కాగితాలు ఒకరు: ఆరోగ్యశ్రీ, బిల్లులు, సర్టిఫికెట్లు. ఫోన్ ఒకరు: రోజూ సాయంత్రం డాక్టర్ చెప్పింది నాలుగు ముక్కల్లో గ్రూపులో పెట్టేది ఆయనే, మిగతా ఎవరూ తల్లికి ఫోన్ చెయ్యకూడదు. వారంలో కనీసం రెండు రాత్రులు తల్లి స్థానంలో పడుకునేది ఒకరు. ఊళ్లో ఉన్న పాప బాధ్యత ఒకరిది. ఈ చివరిది అందరూ మరిచిపోతారు.

ఈ వైద్యం రెండున్నరేళ్లు సాగుతుంది కాబట్టి ఒక్కరే అన్నీ మోస్తే ఆరునెలలకే చతికిలబడతారు. మూడు నెలలకోసారి పనులు మార్చుకోండి.

వార్డు_సిస్టర్
గుంపుగా రావడం ఈ రోజే ఆపించండి. ఇండక్షన్‌లో తెల్లకణాలు పడిపోతాయి. ఏఎన్‌సీ, అంటే ఇన్‌ఫెక్షన్లతో పోరాడే తెల్లకణాల లెక్క, 500 కన్నా తగ్గితే మామూలు జలుబు కూడా ఐసీయూ దాకా తీసుకెళ్లొచ్చు. ఒకసారికి ఒక్కరే లోపలికి. చెయ్యి కడుక్కుని, మాస్కు పెట్టుకుని. ముక్కు కారుతున్నా, కళ్లకలక ఉన్నా, ఇంట్లో ఎవరికైనా ఆటలమ్మ పోసినా గుమ్మం దగ్గరికి కూడా రావొద్దు. పూలగుత్తులు వద్దు. ముద్దులు వద్దు.

తల్లికి కావాల్సింది గంటసేపు తలుపేసుకుని స్నానం, ఉతికిన బట్టలు, పొడుగు వైరున్న ఛార్జరు, వేడి అన్నం.

కాఫీ_ఎక్కువ
మనవాళ్లు తెచ్చేది మాత్రం డజను బత్తాయిలు, రెండు బ్రెడ్డు ప్యాకెట్లు, ఒక హార్లిక్స్ సీసా. వార్డు బయట ఉన్న పండ్ల బండివాడి పిల్లలు డాక్టర్లయిపోతారు మన పరామర్శలతో.

జావ_గిన్నె
@కాఫీ_ఎక్కువ నవ్వుకోడానికి బానే ఉంది కానీ కోసి అమ్మే పండ్ల ముక్కలు మాత్రం తేవొద్దండీ. కణాలు తగ్గినప్పుడు ఇంట్లో కడిగి, తొక్క తీసి, అప్పటికప్పుడు పెట్టే అరటిపండు, బత్తాయి చాలు.

శ్రీకాకుళం_సీత
ఆ పెద్దావిడ చెప్పిందాంట్లో తప్పేముంది? ఆరేళ్ల బిడ్డకి క్యాన్సర్ అన్న మాట ఎందుకు చెప్పాలి? జ్వరం, రక్తం తక్కువ అంటే సరిపోద్ది. పిల్లలు బెంగెట్టుకుంటారు.

పిల్లల_మనసు
సీత గారూ, చెప్పకపోతే బెంగ పెట్టుకోరు అనుకోవడంలోనే చిక్కుంది. వాడు చూస్తున్నవి ఇవి: అమ్మ ఏడుస్తోంది, నాన్న కనపడట్లేదు, తాను లోపలికి రాగానే పెద్దవాళ్లు గొంతు తగ్గిస్తున్నారు, రోజూ సూదులు. ఆరేళ్ల బుర్ర దీనికి సొంతంగా ఒక కారణం అల్లుకుంటుంది. ఎక్కువసార్లు ఆ కారణం "నేను తప్పు చేశాను" అనే. హోంవర్కు చెయ్యలేదనో, చెల్లిని కొట్టాననో, దేవుడి ప్రసాదం ముందే తిన్నాననో. అడిగితే బయటికి చెప్పరు.

పైగా "రక్తం తక్కువ" అని చెప్పి రక్తం ఎక్కించాక కూడా ఇంటికి పంపకపోతే ఇంకేం చెప్తారు? పక్క మంచం మీద పిల్లాడు పదేళ్లవాడైతే వాడే చెప్పేస్తాడు.

చెప్పే తీరు: తల్లో తండ్రో చెప్పాలి, ఒకేసారి అంతా కాదు, సూది లేని పూట, రెండు మూడు నిమిషాల్లో. "మన ఎముకల లోపల రక్తం తయారవుతుంది. నీకు అక్కడ కొన్ని కణాలు పాడయ్యాయి. దాని పేరు లుకేమియా. నువ్వు చేసిన దేనివల్లా రాలేదు. ఎవరికీ అంటుకోదు, అక్కని ముట్టుకోవచ్చు. మందులు చాలా రోజులు వెయ్యాలి. కొన్ని నొప్పి పుడతాయి, ఆ రోజు ముందే చెప్తాం." అంతే. తర్వాత వాడు అడిగినదానికి మాత్రమే జవాబు. వెంటనే కార్టూన్ పెట్టమన్నాడంటే వినలేదని కాదు. ఆ పూటకి వాడికి అంతే చాలు.

శ్రీకాకుళం_సీత
మరి "చచ్చిపోతానా" అని అడిగితే? అప్పుడేం చెప్తారో చెప్పండి.

పిల్లల_మనసు
ముందు "అలా ఎందుకు అనిపించింది?" అని అడగాలి. తరచూ జవాబు వార్డులో ఖాళీ అయిన ఒక మంచం గురించి అయి ఉంటుంది. ఆ తర్వాత నిజమే: "ఈ జబ్బు పెద్దదే. మందు వేయకపోతే ప్రమాదం. అందుకే ఇన్ని మందులు వేస్తున్నాం, చాలామంది పిల్లలకి తగ్గుతోంది, నీకూ తగ్గాలని డాక్టర్లు పనిచేస్తున్నారు." "ఛీ, అలాంటి మాటలనకు" అని నోరు మూయిస్తే మాత్రం ఆ ప్రశ్న మళ్లీ మీ దగ్గరికి రాదు.

మందుల_చీటీ
సూదుల విషయంలో అబద్ధం గురించి ఒక మాట. "చీమ కుట్టినట్టు ఉంటుంది, అంతే" అని చెప్పి పట్టుకుని పొడిస్తే మర్నాడు నర్సు తెల్లకోటు కనపడగానే కెవ్వుమంటాడు. లిగ్నోకెయిన్, ప్రిలోకెయిన్ కలిసిన మొద్దుబార్చే క్రీము మందుల షాపుల్లో దొరుకుతుంది. సిస్టర్‌ని అడిగి సూది వేసే చోట మందంగా పెట్టి, రుద్దకుండా, పైన పారదర్శకమైన ప్లాస్టర్ అంటించి గంటసేపు ఆగాలి. పావుగంటకే తుడిచేసి "పనిచెయ్యలేదు" అంటారు చాలామంది. పని చెయ్యదు మరి, చర్మం లోపలికి దిగడానికి గంట పడుతుంది.

వార్డు_సిస్టర్
పైదానికి జోడింపు. పిల్లాణ్ణి వెల్లకిలా పడుకోబెట్టి నలుగురు నొక్కిపట్టొద్దు. అమ్మ ఒళ్లో ఎదురుగా కూర్చోబెట్టి, ఛాతీకి ఛాతీ ఆనేలా కౌగిలించుకుంటే చెయ్యి ఒకటి బయటికి వస్తుంది, అది చాలు. "వేయించుకుంటావా?" అని అడగొద్దు, "వద్దు" అంటే గౌరవించలేరు కదా. "ఎడమ చెయ్యా, కుడి చెయ్యా?" అని అడగండి. సబ్బు బుడగలు ఊదిస్తే ఊపిరి నెమ్మదిస్తుంది. వీలైతే సూదులన్నీ ప్రొసీజర్ గదిలోనే. మంచం మీద పొడిస్తే ఆ మంచం మీద నిద్రపోడు.

మేనమామ_ఖమ్మం
చాలా ఉపయోగంగా ఉంది. ఇంకో సంగతి. మూడు రోజుల్నుంచి వాడి ప్రవర్తనే మారిపోయింది. అమ్మని కొడుతున్నాడు, గిన్నె విసిరేస్తున్నాడు, రాత్రి రెండింటికి పులిహోర కావాలని ఏడుపు. మా పెద్దమ్మ అయితే గాలి సోకిందని తాయత్తు తెప్పించింది.

మందుల_చీటీ
గాలి పేరు డెక్సామెథసోన్. లేకపోతే ప్రెడ్నిసొలోన్. ఇండక్షన్‌లో నాలుగు వారాల దాకా రోజూ స్టెరాయిడ్ ఉంటుంది. ఆకలి, కోపం, నిద్రలేమి, ఉబ్బిన బుగ్గలు అన్నీ దానివల్లే. మందు ఆపాక వారం రెండు వారాల్లో మీ పిల్లాడు మీకు తిరిగొస్తాడు. డోసు ఉదయమే పడుతోందా, సాయంత్రం ఆలస్యంగా పడుతోందా అని సిస్టర్‌ని అడగండి, నిద్రకి తేడా ఉంటుంది. కోపంగా ఉన్నాడని మీ అంతట మీరు మాత్ర మానేయొద్దు. జబ్బు మీద పనిచేసే అసలు మందుల్లో అదొకటి.

తాయత్తు చేతికి కట్టుకుంటే పర్లేదు, సెలైన్ పెట్టే చెయ్యి కాకుండా చూసుకోండి. పసరు తాగిస్తామంటే మాత్రం ఒప్పుకోవద్దు.

జావ_గిన్నె
పులిహోర అడిగితే పెట్టండి, కానీ చిన్న కటోరీలో. స్టెరాయిడ్ మీద ఉప్పు ఎక్కువైతే బీపీ పెరుగుతుంది కాబట్టి ఉప్పు సగం, ఆవకాయ, అప్పడం, చిప్స్ పక్కన పెట్టాలి. రెండు గంటలకోసారి కొంచెం కొంచెం: ఇడ్లీ, పప్పన్నం, పూర్తిగా ఉడికిన గుడ్డు, రాగిజావ. నీళ్లు కాచి చల్లార్చినవే.

ఒకటి గుర్తుంచుకోండి. ఆస్పరజినేజ్ అనే కీమో ఇంజెక్షన్లు పడుతున్న రోజుల్లో కడుపునొప్పి అంటే "ఎక్కువ తిన్నాడు, వాము నమలమను" అనుకోకూడదు. క్లోమం వాపు కావచ్చు. వెంటనే డాక్టర్‌కి చెప్పాలి.

నోరు పూసినప్పుడు గ్లాసు కాచిన నీళ్లలో పావు చెంచా వంటసోడా, చిటికెడు ఉప్పు, పుక్కిలించి ఉమ్మెయ్యాలి. మెత్తటి బ్రష్.

వార్డు_సిస్టర్
ఇంకోటి కూడా మొండితనం అనుకుంటారు. వింక్రిస్టిన్ అనే కీమో మందు పడ్డాక కాళ్లు లాగుతాయి, దవడ నొప్పి, మలబద్ధకం. "నడవను, ఎత్తుకో" అంటే వేషాలు కాదు. తిట్టకుండా చెప్పండి డాక్టర్‌కి.

నాటు_మందు_నమ్మకం
బొప్పాయి ఆకు రసం ఇస్తే ప్లేట్‌లెట్లు పెరుగుతాయి కదా, డెంగ్యూకి అందరూ ఇస్తున్నారు. తిప్పతీగ కూడా మంచిది. ఎవరూ చెప్పట్లేదేంటి?

మందుల_చీటీ
చెప్పట్లేదు, ఎందుకంటే ఇక్కడ ప్లేట్‌లెట్లు తగ్గింది కీమో వల్ల, మూలుగు పనిచెయ్యకపోవడం వల్ల. ఆకు రసం మూలుగుని నడిపించదు. పైగా అది పచ్చిది. కణాలు లేని పిల్లాడికి పచ్చి ఆకు రసం అంటే సూక్ష్మజీవుల్ని గ్లాసులో పోసి ఇవ్వడమే. తిప్పతీగ వల్ల కాలేయం దెబ్బతిన్న కేసులు మన దేశంలోనే నమోదయ్యాయి. కీమోలో వాడే మెథోట్రెక్సేట్, మెర్కాప్టోప్యూరిన్ రెండూ కాలేయం మీద భారం వేసే మందులే. ఎంజైములు పెరిగితే డాక్టర్ కీమో ఆపాల్సి వస్తుంది, ఎందుకు పెరిగాయో మీరు చెప్పరు. అసలు నష్టం అది.

బి_పాజిటివ్
ప్లేట్‌లెట్ల మాట వచ్చింది కాబట్టి. చుట్టాల్లో ఆరోగ్యంగా ఉన్న మగపిల్లలు ఊరికే వరండాలో కూర్చోకుండా ఇదిగో పని. సింగిల్ డోనర్ ప్లేట్‌లెట్లు, ఎస్‌డీపీ అంటారు. మెషిన్ మీద గంటా గంటన్నర పడుతుంది, ఒక్క యూనిట్ ఆరుగురి దగ్గర తీసిన మామూలు ప్లేట్‌లెట్లకి సమానం. ఇచ్చేవాళ్ల బరువు 50 కిలోలు దాటాలి, మూడు రోజుల్లో ఆస్పిరిన్ వేసుకుని ఉండకూడదు, ముందు రక్తపరీక్ష చేస్తారు. 48 గంటలు ఆగి మళ్లీ ఇవ్వొచ్చు. తీసిన ప్లేట్‌లెట్లు నిలవ ఉండేది ఐదు రోజులే, అందుకే "అందరం ఒకే రోజు వచ్చి ఇచ్చేశాం" అంటే ఉపయోగం లేదు. పదిమంది పేర్లు, గ్రూపులు, ఎవరు ఏ వారం అన్నది రాసి పెట్టుకోండి.

ఇంకో ముఖ్యమైన ముక్క. అమ్మానాన్న, అక్కాతమ్ముళ్లు, మేనమామలు సొంత రక్తం నేరుగా పిల్లాడికే ఎక్కించాలని ఉబలాటపడతారు. దగ్గరి రక్తసంబంధీకుల రక్తాన్ని ముందు రేడియేషన్ కింద పెట్టకుండా ఎక్కిస్తే అందులోని లింఫోసైట్లు అనే తెల్లకణాలు పిల్లాడి ఒంటినే దాడి చేసే ప్రమాదం ఉంది. అరుదే కానీ వస్తే ప్రాణాంతకం. బ్లడ్ బ్యాంకుకి బంధుత్వం చెప్పండి. మీరు బ్యాంకుకి ఇచ్చి, పిల్లాడికి వేరేవాళ్లది తీసుకోవడం సులువు.

కాఫీ_ఎక్కువ
మేనమామ గారి రక్తం పనికిరాదన్నమాట. పెళ్లినాటికి బుట్ట మోయడానికి దాచుకోండి సార్.

మేనమామ_ఖమ్మం
😀 చాలా రోజులకి నవ్వాను. డబ్బు సంగతి కూడా చెప్పండి. బావ అరెకరం అమ్మేస్తానంటున్నాడు.

పద్దుల_పుస్తకం
ఆగమనండి. పొలం చివరి మాట. ఇండక్షన్‌లో భయంతో అమ్మినవాళ్లకి మెయింటెనెన్స్, అంటే ఇంటి దగ్గర మాత్రలతో సాగే చివరి దశ నాటికి చేతిలో ఏమీ మిగలదు. ఖర్చు ఒకేసారి రాదు, రెండున్నరేళ్లు కారుతూ ఉంటుంది.

ముందు రేషన్ కార్డులో పిల్లాడి పేరు ఉందో చూడండి. చాలా ఇళ్లలో పెద్దవాళ్ల పేర్లే ఉంటాయి, పిల్లలవి ఎక్కించి ఉండరు, ఆరోగ్యశ్రీ కౌంటర్ దగ్గర అక్కడే ఆగిపోతుంది. తర్వాత ఆధార్. ఐదేళ్లు దాటాక వేలిముద్రలు, ఐరిస్ కొత్తగా ఎక్కించాలి, ఆరేళ్ల పిల్లాడికి అది అయ్యిందో లేదో చూసుకోండి. తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబరు నుంచి కుటుంబానికి ఏడాదికి 10 లక్షలు. ఆస్పత్రిలో ఆరోగ్యమిత్ర డెస్క్ ఉంటుంది. ప్రతి దశకీ అనుమతి విడిగా తెచ్చుకోవాలి, ఒకసారి వచ్చిందని వదిలేస్తే తర్వాతి అడ్మిషన్ రోజు కాగితాల కోసం పరుగులు. ఆంధ్రవాళ్లు ఎవరైనా చదువుతుంటే మీకు అది ఎన్‌టీఆర్ వైద్యసేవ.

పథకంలో రానివాటికి ముఖ్యమంత్రి సహాయనిధి ఉంది, దానికి అసలు బిల్లులే కావాలి. జిరాక్సులు చెల్లవు. అందుకే ఫైలు రెండు: ఒకటి వైద్యానిది, ఒకటి డబ్బుది. మందుల షాపు చిన్న బిల్లు కూడా పారేయొద్దు, ఆ వేడికి మాసిపోయే కాగితం బిల్లులు వచ్చిన రోజే ఫోటో తీసుకోండి.

పథకాలు ఇవ్వని ఖర్చే కుటుంబాన్ని ముంచేది. గది అద్దె, ఆటోలు, మూడు పూటలా భోజనం, పోయిన కూలి.

ఎర్రమంజిల్_ఆటో
గది అద్దె అన్నరు గదా. ఊరి నుంచి వచ్చినోళ్లు ఆస్పత్రి పక్కన లాడ్జిలల్ల దిగి రోజుకింత పోగొట్టుకుంటున్నరు. సెయింట్ జూడ్ ఇండియా చైల్డ్‌కేర్ సెంటర్లు హైదరాబాద్‌ల గూడ ఉన్నయి, పైసలు తీసుకోరు.

పద్దుల_పుస్తకం
నిజం. కుటుంబానికో గది, అందరికీ కలిపి వంటగది, వైద్యం సాగినంత కాలం. నేరుగా వెళ్తే చేర్చుకోరు, ఆస్పత్రి నుంచి రిఫరల్ రాయించుకోవాలి, ఖాళీ కోసం పేరు ముందే పెట్టాలి. అలాగే క్యాన్‌కిడ్స్ వాళ్లు 2004 నుంచి పిల్లల క్యాన్సర్ మీదే పనిచేస్తున్నారు. మందులకీ, పరీక్షలకీ సాయంతో పాటు ఇదే దారిలో నడిచిన తల్లిదండ్రుల్ని కలుపుతారు. చెల్లెలికి ఆ రెండోదే ఎక్కువ అవసరం పడొచ్చు. కడల్స్ ఫౌండేషన్ పిల్లల పోషణ చూస్తుంది. మీ ఆస్పత్రిలో వీళ్లలో ఎవరు కూర్చుంటారో సోషల్ వర్కర్‌ని అడగండి.

రైలు రాయితీ కూడా. క్యాన్సర్ రోగికి స్లీపర్, థర్డ్ ఏసీల్లో నూటికి నూరు శాతం, తోడు వెళ్లేవాళ్లకి 75 శాతం. రైల్వే ఫారం మీద డాక్టర్ సంతకం, ఆస్పత్రి ముద్ర కావాలి. మహాలక్ష్మి బస్సులో చెల్లెలికి టికెట్ లేకపోవచ్చు గానీ కణాలు తగ్గిన పిల్లాణ్ణి ఎక్స్‌ప్రెస్ బస్సు రద్దీలో నిలబెట్టకండి.

డల్లాస్_బాబాయ్
మా కజిన్ వాళ్లకి ఇలాగే అయితే ఆన్‌లైన్‌లో ఫండ్ రైజ్ చేద్దామన్నారు. పిల్లాడి ఫోటో పెడితేనే డబ్బు వస్తుందంటున్నారు. కరెక్టేనా?

పద్దుల_పుస్తకం
ట్యూబులతో, ఏడుస్తున్న ఫోటో పెడితే ఎక్కువ వస్తుందన్నది నిజమే కావొచ్చు. ఆ ఫోటో పదహారేళ్లప్పుడు వాడి క్లాస్‌మేట్ ఫోన్‌లో కనిపిస్తుందన్నదీ నిజమే. ఆడపిల్లయితే సంబంధాల దగ్గర కూడా. ముఖం కనపడకుండా, ఇంటిపేరు, బడి పేరు లేకుండా పెట్టమనండి. ఆస్పత్రి లెటర్‌హెడ్ మీద అంచనా ఖర్చు ఉండాలి, పథకంలో వచ్చేది తీసేసి మిగతాదే అడగాలి. కొన్ని వేదికలు దాత దగ్గర "టిప్" అని అదనంగా ముందే టిక్ పెట్టి ఉంచుతాయి, అది పిల్లాడికి రాదు, దాతలకి చెప్పండి.

మీరు నేరుగా సాయపడాలంటే ఒకేసారి పెద్దమొత్తం బదులు నెలకింత అని రెండేళ్లు. మొదటి నెల అందరూ ఇస్తారు, పద్నాలుగో నెల ఎవరూ గుర్తుంచుకోరు.

బి_పాజిటివ్
ఆ పద్నాలుగో నెల మాటకి వెయ్యి లైకులు.

గుండు_బాస్
జుట్టు ఊడటం గురించి ఎవరూ అనలేదు. కీమో మొదలైన రెండు మూడు వారాలకి దిండు మీద కనిపిస్తుంది. మన దగ్గర ఒక సౌకర్యం ఉంది, గుండు చూసి ఎవరూ జాలిపడరు, "తిరుపతి వెళ్లొచ్చారా, లడ్డూ ఏదీ?" అంటారు. ఇంట్లో మగాళ్లంతా కొట్టించుకుంటే పిల్లాడికి సరదాయే. అయితే కత్తితో వద్దు, ట్రిమ్మర్‌తో. ప్లేట్‌లెట్లు తక్కువున్నప్పుడు చిన్న గాటు పడినా రక్తం ఆగదు, చీము పట్టొచ్చు. మొక్కు ఉంటే వైద్యం అయ్యాక తీర్చుకోవచ్చు, ఆ రద్దీ కూడా ఇప్పుడు పనికిరాదు. దేవుడు రెండేళ్లు ఆగుతాడు.

ఆడపిల్లల విషయం వేరు. ముందే భుజాల దాకా కత్తిరిస్తే ఒక్కసారిగా ఊడిన దెబ్బ కాస్త తగ్గుతుంది. స్కార్ఫా, టోపీయా, ఏమీ వద్దా అన్నది ఆ పిల్లే తేల్చుకోవాలి.

మాస్టారు_వరంగల్
ఊర్లె ఉన్న ఆ తొమ్మిదేండ్ల పాప గురించి నేను చెప్త. అసలు ఆగమయ్యేది ఆ పిల్లనే. తమ్మునికి బొమ్మలొస్తయ్, ఫోన్లొస్తయ్. ఈమెకు "అల్లరి చెయ్యకు, అమ్మ కష్టంల ఉన్నది" అని సుద్దులు. క్లాసుల ఇట్ల కనిపిస్తది: చదివే పిల్ల నోట్సు రాయదు, లేకుంటే మరీ బుద్ధిమంతురాలయితది, రోజు కడుపునొస్తున్నదంటది. రెండోదాన్ని ఎవలు పట్టించుకోరు, మంచిగుంది అనుకుంటరు.

చెయ్యాల్సిందేందంటే, రోజు ఒకే టైముకు అమ్మతోని పది నిమిషాల వీడియో కాల్. ఆ పది నిమిషాలల్ల తమ్ముని ముచ్చట ఆమె అడిగితేనే తియ్యాలె. జబ్బు పేరు ఆమెకు గూడ చెప్పాలె, అంటుకోదని చెప్పాలె, నువ్వు తిట్టినందుకు రాలేదని చెప్పాలె. బడికి వచ్చి క్లాసు టీచర్‌కు చెప్పుర్రి. పేరెంట్స్ మీటింగుకు మామ అన్న రావాలె.

పిల్లల_మనసు
మాస్టారు చెప్పిన "మరీ బుద్ధిమంతురాలు" అన్నది బంగారంలాంటి గమనిక. ఒక్కటే కలుపుతా: కణాలు బాగున్నప్పుడు డాక్టర్‌ని అడిగి పాపని ఆస్పత్రికి ఒకసారి తీసుకెళ్లండి. ఊహించుకున్న ఆస్పత్రి అసలుదానికంటే ఎప్పుడూ భయంకరంగా ఉంటుంది. తమ్ముడి బుగ్గలు ఉబ్బాయని, గుండు ఉందని దారిలోనే చెప్పి తీసుకెళ్లాలి.

చంటిపిల్ల_తల్లి
మా ఇంట్లో పక్క పోర్షన్‌లో ఇలాంటి బాబు ఉన్నాడు. మా పాపకి పోలియో చుక్కలు వేయించొచ్చా?

వార్డు_సిస్టర్
నోటి చుక్కల్లో ఉండేది బతికున్న వైరస్, కొన్ని వారాలు మలంలో బయటికి వస్తుంది. కీమో పిల్లాడితో ఒకే ఇంట్లో, ఒకే బాత్రూం వాడే పిల్లలకి చుక్కల బదులు పోలియో ఇంజెక్షన్ అడగాలి. వేరే వాటా, వేరే బాత్రూం అయినా మీ పిల్లల డాక్టర్‌కి ఈ సంగతి చెప్పి వేయించండి. మిగతా టీకాలు ఏవీ ఎగ్గొట్టొద్దు, చుట్టుపక్కల పిల్లలకి టీకాలు పడితేనే ఆ బాబుకి రక్ష. ఆ బాబుకి మాత్రం బతికున్న టీకాలు కీమో అయ్యాక ఆరునెలల దాకా ఉండవు.

అత్తగారి_కోడలు
ఇవన్నీ సరే. "మీ వైపు ఎవరికైనా ఉందా", "కడుపుతో ఉన్నప్పుడు ఏం తిన్నావు", "ఎవరి పాపమో" అనేవాళ్లని ఏం చెయ్యాలి? తల్లుల్ని జబ్బు కంటే ఇదే ఎక్కువ తినేస్తుంది.

పిల్లల_మనసు
ఈ జవాబు తల్లి చెప్పకూడదు. ఆమె చెప్తే సంజాయిషీలా ఉంటుంది. తండ్రి గానీ మేనమామ గానీ చెప్పాలి, గట్టిగా, ఒక్కసారి. పిల్లల క్యాన్సర్లలో వంశపారంపర్యంగా వచ్చేవి నూటికి పది లోపే. ఏఎల్ఎల్‌లో ఎక్కువగా కణం విభజన జరిగేటప్పుడు పడే పొరపాటే, తిండి వల్లో గ్రహణం వల్లో కాదు. ఇంకా లాభం లేకపోతే డాక్టర్ రౌండ్‌కి వచ్చినప్పుడు ఆ పెద్దావిడని పక్కన నిలబెట్టి ఆమెనే అడగమనండి. తెల్లకోటు మాట వింటారు.

మందుల_చీటీ
ఒక మినహాయింపు. కంటిలో వచ్చే రెటినోబ్లాస్టోమా అయితే సుమారు నూటికి నలభై కేసులు జన్యుపరమైనవి. అక్కడ తోబుట్టువుల కళ్లు, ఆ తర్వాత పుట్టేవాళ్ల కళ్లు తప్పకుండా పరీక్ష చేయించాలి. నింద వెయ్యడానికి కాదు, తొందరగా పట్టుకుంటే చూపు దక్కుతుంది.

శ్రీకాకుళం_సీత
తండ్రుల గురించి ఎవరూ మాట్లాడరేం? అందరూ తల్లీ తల్లీ అంటున్నారు. ఆయన మాత్రం బండి మీద ఒక్కడే ఏడుస్తాడు.

పద్దుల_పుస్తకం
సీత గారితో ఈసారి నూరుపాళ్లూ ఏకీభవిస్తున్నా. తండ్రి వార్డులో ఉండడు కాబట్టి డాక్టర్ మాట సగం సగమే చేరుతుంది, "నీకేం తెలుసు" అంటుంది భార్య, "నువ్వు డబ్బు చూడు" అంటారు పెద్దలు. వారంలో ఒక పూటైనా తండ్రిని పిల్లాడి దగ్గర వదిలి తల్లిని బయటికి పంపండి. మందు పెట్టడం, నోరు కడగడం ఆయనకీ రావాలి. నిద్ర పట్టకపోవడం, తాగుడు పెరగడం, ఎవరితోనూ మాట్లాడకపోవడం రెండు వారాలు దాటితే టెలీ మానస్ 14416కి ఫోన్ చేయించండి, ఇరవైనాలుగు గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు, ఉచితం.

మేనమామ_ఖమ్మం
ఇండక్షన్ అయ్యాక బాగుంటే ఇంటికి తెచ్చేసుకోవచ్చని మావాళ్లు అప్పుడే అంటున్నారు.

వార్డు_సిస్టర్
ఇదే, ఇదే అసలు గండం. ఇండక్షన్ నాలుగైదు వారాల్లో అయిపోతుంది. పరీక్షలో క్యాన్సర్ కణాలు కనపడవు, పిల్లాడు ఆడుకుంటాడు, బుగ్గలు నిండుగా ఉంటాయి. "తగ్గిపోయింది కదా, ఇంకా ఎందుకీ విషాలు" అని ఊరి పెద్దలు తీర్మానిస్తారు. కనపడనంత మాత్రాన లేవని కాదు. అక్కడ ఆపితే దాదాపు తప్పకుండా తిరగబెడుతుంది, రెండోసారి నయం చెయ్యడం చాలా కష్టం. నాలుగు వారాలు వరుసగా రాకపోతే వైద్యం మానేసినట్టే లెక్క వేస్తారు. చుట్టాలు చెయ్యగల అతిపెద్ద సాయం ఆ "ఇంకా ఎందుకు" అన్న మాట నోట్లోంచి రానివ్వకపోవడం.

మందుల_చీటీ
తర్వాత మెయింటెనెన్స్‌లో అసలు పరీక్ష ఇంట్లో. మెర్కాప్టోప్యూరిన్ రోజూ. మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కసారి. ఇన్‌ఫెక్షన్ రాకుండా ఇచ్చే కోట్రైమాక్సజోల్ ఎక్కువచోట్ల వారంలో రెండు మూడు రోజులు. మూడు మందులు, మూడు లెక్కలు. నాయనమ్మ మాత్రలు ఇచ్చే ఇంట్లో మెథోట్రెక్సేట్ రోజూ వేసేస్తే నోరంతా పుండ్లు, కణాలు పాతాళానికి, ప్రాణం మీదకి వస్తుంది. గోడ క్యాలెండర్ మీద మెథోట్రెక్సేట్ వేసే రోజుకి ఎర్ర సున్నా, మెథోట్రెక్సేట్ డబ్బా విడిగా బీరువాలో, వేసిన వెంటనే టిక్. అటు మెర్కాప్టోప్యూరిన్ మరిచిపోతే ఇంకో నష్టం. 95 శాతం కంటే తక్కువ వేసుకున్న పిల్లల్లో జబ్బు తిరగబెట్టడం ఎక్కువని అమెరికాలో తేల్చారు, అంటే నెలకి రెండు రాత్రులు మరిచిపోయినా ఆ గీత దాటినట్టే.

మాస్టారు_వరంగల్
ఈ టైముల బడికి పంపొచ్చు, డాక్టర్ సరేనంటే. ముందు హెడ్‌మాస్టర్‌కు చీటీ ఇయ్యాలె: క్లాసుల ఎవలకన్న ఆటలమ్మ పోస్తె అదే రోజు ఫోన్ చెయ్యాలని. మన ఊర్లల్ల అమ్మవారు పోసిందని బయటికి చెప్పరు, వేపాకు కట్టి ఊకుంటరు. అందుకే పిల్లల్ని అడగాలె, "మీ ఇంటికాడ వేపాకు కట్టిన్రా" అని. దగ్గరగా తగిలితే నాలుగు రోజుల లోపల ఇంజెక్షన్ ఇయ్యాల్సి వస్తదట.

అలుపొస్తదని మధ్యాహ్నం దాకనే కూసోబెట్టుర్రి. టోపీ గుంజేటోనికి ముందే చెప్పాలె. "పాపం" అని వేరే బెంచీ ఎయ్యొద్దు.

నిశ్శబ్దం
అందరికీ తగ్గదు కదా. వాళ్ల గురించి కూడా ఎవరైనా చెప్పండి.

వార్డు_సిస్టర్
హైదరాబాద్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రిలో పిల్లల పాలియేటివ్ కేర్, అంటే నొప్పి, బాధ తగ్గించే వైద్యం విభాగం ఉంది. అక్కడికి పంపారంటే చేతులెత్తేశారని అర్థం చేసుకుంటారు, అది తప్పు. కీమో సాగుతుండగానే నొప్పికి, వాంతులకి, భయానికి వాళ్ల సాయం తీసుకోవచ్చు. నోటి ద్వారా ఇచ్చే మార్ఫిన్ అంటే "అలవాటు పడతాడు" అని భయపడి తల్లిదండ్రులు డోసులు ఎగ్గొడతారు. నొప్పికి, లెక్క ప్రకారం ఇస్తే వ్యసనం కాదు. మలబద్ధకం మాత్రం తప్పదు, దానికి మందు మొదటి రోజు నుంచే ఇవ్వాలి.

పిల్లాడు పోయాక కర్మలు అయ్యేదాకా ఇల్లు నిండా జనం, తర్వాత ఒక్కరూ రారు. మూడో నెలలో, పుట్టినరోజున ఫోన్ చెయ్యండి. వాడి పేరు పలకండి. "ఇంకొకణ్ణి కనండి" అనకండి.

నిశ్శబ్దం
ధన్యవాదాలు సిస్టర్.

మేనమామ_ఖమ్మం
అన్నీ రాసుకున్నాను. చివరగా ఒకటి. మధ్యలో ఖమ్మం పంపిస్తారట, హైదరాబాద్ నాలుగైదు గంటల దూరం. రాత్రి జ్వరం వస్తే?

వార్డు_సిస్టర్
డిశ్చార్జి రోజే డాక్టర్ దగ్గర ఒక ఉత్తరం రాయించుకోండి. అందులో ఉండాల్సినవి: జబ్బు పేరు, ఏ దశ, చివరి కీమో తేదీ, బరువు, మందులెక్కించడానికి ఒంట్లో పెట్టిన పోర్టు గానీ పిక్ లైన్ గానీ ఉందా, పడని మందులు, జ్వరం వస్తే గంటలోపు వెయ్యాల్సిన మొదటి యాంటీబయాటిక్ పేరు, డోసు, వార్డు ఫోన్ నంబరు. ఆ ఉత్తరంతో ఇప్పుడే, పగటిపూట, ఖమ్మంలో పిల్లల ఐసీయూ ఉన్న ఆస్పత్రికి వెళ్లి "రాత్రి పన్నెండింటికి వస్తే ఇది వేస్తారా" అని అడిగి పెట్టుకోండి. కాదంటే ఇంకో ఆస్పత్రి వెతకండి.

డిజిటల్ థర్మామీటర్ చంకలో. మలద్వారంలో ఎప్పుడూ పెట్టొద్దు. 100.4 దాటితే అదే ఎమర్జెన్సీ, ఒళ్లు కాలుతోందా లేదా అని చెయ్యి వేసి చూస్తూ కూర్చోవద్దు. కొలవకుండా పారాసెటమాల్ పొయ్యొద్దు, జ్వరం దాక్కుంటుంది, ఇన్‌ఫెక్షన్ మాత్రం పెరుగుతూనే ఉంటుంది. వణుకు వచ్చి జ్వరం లేకపోయినా బయల్దేరాల్సిందే.

ఎర్రమంజిల్_ఆటో
రాత్రి పూట వచ్చే బండాయన నంబరు గూడ ఇద్దరిది పెట్టుకోండ్రి అన్నా. ఒకడు ఎత్తడు.

బి_పాజిటివ్
ఆ ఉత్తరం ఫోటో ఇంట్లో నలుగురి ఫోన్లలో ఉండాలి. బ్లడ్ గ్రూపు కూడా అందులోనే రాయించండి. మీ డోనర్ల జాబితాలో ఎన్ని పేర్లు అయ్యాయో చెప్పండి, పది రాకపోతే ఇక్కడే అడుగుదాం.

మేనమామ_ఖమ్మం
ఏడు అయ్యాయి. అందులో ఇద్దరు 50 కిలోలు లేరు.

కాఫీ_ఎక్కువ
ఆ బ్రెడ్డు ప్యాకెట్లు వాళ్లిద్దరికీ పెట్టండి. నాది ఓ పాజిటివ్, ఉండేది ఉప్పల్‌లో, రాసుకోండి.